టర్నిప్ ఆకు, కాలిన గరిటె

టర్నిప్ ఆకు వండటాన్ని వంట అంటే నేను ఒప్పుకోను. అది కొట్లాట. ఆకుని ఈనె నుంచి ఒక్క లాగులో చీల్చాలి. కత్తి పెడితే కుదరదు, చేత్తోనే. మూడుసార్లు నీళ్ళలో ముంచి అదిమిపట్టాలి, లేకపోతే ఇసక వదలదు, తర్వాత పంటి కింద పడి నీ తాతలు గుర్తొస్తారు. పొగబెట్టిన పంది మోకాలి తోలు మీద గాట్లు పెట్టి గంటసేపు మరగనివ్వాలి. ఆ మరుగులోకి గుప్పెళ్ళకొద్దీ ఆకుని తొయ్యాలి. గిన్నెలోంచి పైకి తన్నుకొచ్చే ఆకు రెండు నిమిషాల్లో తల వేలాడేస్తుంది. ఆ తర్వాత ఇంకో రెండు గంటలు. వీడియోల్లో "ప్రేమగా, సన్నసెగ మీద" అని చెప్పే అమ్మాయిలు గిన్నె ఎప్పుడూ తోముకోలేదని నా అనుమానం.

ఈ గిన్నె దగ్గరే, రెండేళ్ళ కిందట నవంబరులో, నేను నా కూతుర్ని పోగొట్టుకోబోయాను. ఎవరో ఎత్తుకుపోవడం కాదు. నేను చేసిన పనికి ప్రభుత్వం వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. తిరిగి వస్తుందో రాదో రెండున్నర నెలలపాటు నాకు తెలీదు. వాళ్ళు పంపినా అది వస్తుందో రాదో అసలు తెలీదు.

దానికి ముందు మేం ఎడిసన్‌లో ఎనిమిదేళ్ళున్నాం. అక్కడ ఓక్ ట్రీ రోడ్డులో గోంగూర, తోటకూర, చుక్కకూర, ఏది కావాలంటే అది, పైగా షాపులో నాతో బేరానికి సిద్ధంగా నలుగురు. తర్వాత మా ఆయన ప్రాజెక్టు జార్జియాకి మారింది. అట్లాంటాకి రెండు గంటల దూరంలో ఒక చిన్న ఊరు. గోంగూర కోసం రెండు గంటలు డ్రైవ్ చెయ్యడం మొదటి నెలలో భక్తి, మూడో నెలకి పిచ్చి. అప్పుడు కళ్ళు తెరిచి ఊళ్ళో ఉన్న కూరల షాపు చూశాను. టర్నిప్ ఆకు, చంటిపిల్లంత కట్టలు, తడితడిగా, మట్టి వాసనతో. ముల్లంగి ఆకుకి వేలు విడిచిన మేనమామ లాగుంది. నూగు, చేదు, కొంచెం ఘాటు. కొన్నాను.

చేదున్న ఆకుని మనం ఏం చేస్తాం? ఉడికించి, నీళ్ళు వంపేసి, గట్టిగా పిండి, పోపు పెడతాం. అదే చేశాను. వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, మినప్పప్పు. కొత్త ఇరుగుపొరుగు కదా అని ఒక గిన్నె పక్కింటావిడకి పట్టుకెళ్ళాను.

పక్కింటావిడ నల్లజాతి మనిషి. డెబ్బై దాటాయి. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసి రిటైరైంది. ఎవరు అబద్ధం చెప్తున్నారో కవరు చూసి చెప్పగలనంటుంది. మూత తీసి, ఒక స్పూను నోట్లో పెట్టుకుని, నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"నీళ్ళేవి?"

"ఏ నీళ్ళు?"

"ఇవి ఉడికిన నీళ్ళు."

"పారబోశాను."

ఆవిడ స్పూను కింద పెట్టింది. "హనీ, సారమంతా సింకుకి పోసి పిప్పి నాకు తెచ్చావా? మా అమ్మ బతికుంటే ఇప్పుడే నీ వీపు చిట్లగొట్టేది."

"మా అమ్మ బతికుంటే మీ అమ్మ చెయ్యి పట్టుకునేది."

ఆవిడ నవ్వలేదు. పక్కకి జరిగి లోపలికి రమ్మంది. ఆ రోజే నేర్చుకున్నాను: ఆ నీళ్ళకి ఇక్కడ ఒక పేరుంది, గౌరవముంది, పసుపురంగు మొక్కజొన్న రొట్టె ముంచుకుని తినడం ఉంది, జ్వరం వస్తే కప్పులో పోసి ఇవ్వడం ఉంది. నేనైతే వేడన్నంలో పోసుకున్నాను, చారు లాగా. ఆవిడ కళ్ళు మూసుకుని, "చూడలేదనుకుంటా" అంది.

మా అమ్మాయి ఆ ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు పదేళ్ళది. ఎడిసన్ అలవాటు కొద్దీ, "హాయ్ ఆంటీ" అంది. ఆవిడ ముఖం బిగుసుకుపోయింది. ఒక్క క్షణమే. తర్వాత మెల్లగా చెప్పింది, ఒకప్పుడు ఈ ఊళ్ళో తెల్లవాళ్ళు తన తల్లిని అలాగే పిలిచేవారట, "మిసెస్" అని ఇంటిపేరుతో పిలిచే మర్యాద ఇవ్వాల్సి వస్తుందని. "నన్ను మ్యామ్ అను. నీ నోట్లో ఆ మాటకి ఆ అర్థం లేదని నాకు తెలుసు. నా చెవికి తెలీదు." పిల్ల ఎర్రబడిపోయింది. ఆ రోజు నుంచి స్కూలు బస్సు దిగి మా ఇంటికి రాకముందు ఆవిడ ఇంటికే వెళ్ళేది. నాకు ఒళ్ళు మండేది. నా దగ్గర నోరు విప్పని పిల్ల అక్కడ కూర్చుని గలగలమనడం కిటికీలోంచి వినపడేది.

మా ఆయన సంగతి చెప్పాలి. మంచివాడు, గొడవ పడడు. గొడవ పడని మనిషితో కాపురం ఎంత కష్టమో గొడవ పడేవాళ్ళకే తెలుసు. పంది ఎముక ఇంట్లోకి తెచ్చిన రోజు మాత్రం గుమ్మంలో నిలబడ్డాడు.

"పంది ఇంట్లోకొస్తే నేను బయటికి పోతా."

"తలుపు తీసే ఉంది. చెప్పులు అటు."

పోలేదు. మూడో వారానికి మొక్కజొన్న రొట్టె నంజుకుని తిన్నాడు.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మా ఆయనకి హెచ్-వన్-బి, నాకు డిపెండెంట్ వీసా. మధ్యలో పని చేసుకోవడానికి కార్డు ఒకటి వచ్చింది, రెన్యువల్‌లో ఆగింది, ఉద్యోగం పోయింది. ఆ తర్వాత నాకున్న మెదడంతా ఒకే పిల్ల మీద పడింది. పాపం ఆ పిల్లని తల్చుకుంటే ఇప్పుడు జాలేస్తుంది. అప్పుడు వెయ్యలేదు.

మా ఇంట్లో "వాత పెడతా" అన్న మాట "పళ్ళు తోముకో" అన్నంత మామూలు. మా అమ్మ అనేది, వాళ్ళమ్మ అనేది. లేటుగా లేస్తే వాత, అన్నం వదిలేస్తే వాత, ఎదురు మాట్లాడితే వాత. మా అమ్మాయి నా గొంతు అనుకరించి స్నేహితురాళ్ళకి చూపించేది, ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చేతిలో హెయిర్ బ్రష్, "వాతా పెడ్తా!" అని. నేనూ నవ్వేదాన్ని. మా అమ్మ నాకు నిజంగానే పెట్టిందని దానికి నేను చెప్పలేదు. తొమ్మిదేళ్ళప్పుడు, తెనాలిలో, పిక్క మీద. ఎందుకో కూడా సరిగా గుర్తు లేదు. పక్కింటి పిల్ల రిబ్బను తీశాననో, తియ్యలేదని అబద్ధమాడాననో. అట్లకాడ అంచు అని మాత్రం గుర్తుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం గిన్నె స్టవ్ మీద మూడో గంటలో ఉంది. మా ఆయన మేడ మీద మ్యాచ్ చూస్తున్నాడు. పదమూడేళ్ళ మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండో కట్ట ఆకు చీలుస్తోంది. పక్కింటావిడ ఎంత తిట్టినా నేను చివర్లో పోపు పెట్టకుండా ఉండలేను; అందుకని చిన్న ఇనప పోపుగరిటె పక్క మంట మీద పెట్టాను. నూనె ఇంకా పొయ్యలేదు. అప్పుడే ఫోన్ మోగింది. స్కూలు నుంచి ఈమెయిల్. ఆనర్స్ మ్యాథ్ నుంచి మామూలు క్లాసుకి మార్చడానికి తల్లి సంతకం అందింది, కృతజ్ఞతలు.

"ఆనర్స్ మ్యాథ్ డ్రాప్ చేశావా?"

"యా." ఆకు మీంచి తల ఎత్తలేదు.

"ఎప్పుడు?"

"లాస్ట్ వీక్. ఫామ్ వచ్చింది కదా."

"నాకే ఫామూ రాలేదు."

"వచ్చింది. నీ ఫోన్‌లో. నేను సైన్ చేశా."

"నా సంతకం నువ్వు పెట్టావా?"

"మమ్మీ, ఇట్స్ నాట్ దట్ డీప్."

"దొంగసంతకం పెట్టి డీప్ కాదంటావా? మీ నాన్న ఈ మ్యాథ్ చదివే ఈ దేశం వచ్చాడు. నేను..."

"నువ్వు ఏంటి?" అప్పుడు తలెత్తింది. కళ్ళు సరిగ్గా నా కళ్ళలా ఉంటాయి, అదే ఖర్మ. "నీకు జాబ్ లేదు, మమ్మీ. సో నా మ్యాథ్ నీ జాబ్. దట్స్ ద హోల్ ప్రాబ్లమ్. గో గెట్ అ లైఫ్."

పద్నాలుగేళ్ళుగా నా వెనక చుట్టాలు అనుకుంటున్న మాట, నాకు నేను అనుకుంటున్న మాట. పిల్ల నోట్లోంచి అమెరికా యాసలో వచ్చింది. పోపుగరిటె చేతిలోకి ఎలా వచ్చిందో నాకు తెలుసు. "తెలీదు" అని చాలాకాలం చెప్పాను. తెలుసు. కర్రపిడి పట్టుకుని మంట మీంచి తీశాను.

"నోర్ముయ్. వాత పెడతా."

"యూ ఆల్వేస్ సే దట్." నవ్వింది. కుడి చెయ్యి తిప్పి, తెల్లగా ఉండే లోపలివైపు పైకి పెట్టి, బల్ల మీద నా ముందుకి చాచింది. "పెట్టు. డూ ఇట్."

పెట్టాను.

సెకను కూడా లేదని తర్వాత చాలాచోట్ల వాదించాను. ఎంతసేపైతేనేం. చర్మం చిన్నగా చప్పుడు చేసింది. వాసన వచ్చింది, వంటింట్లో రాకూడని వాసన. పిల్ల ముందు అరవలేదు. ఊపిరి లోపలికి పీల్చి అలాగే ఉండిపోయింది, నేను నిజంగా చేశానా లేదా అని నా ముఖంలో వెతుకుతూ. అప్పుడు అరిచింది. లేచి రెండు చేతులతో నన్ను తోసింది. ఓవెన్ పిడి నా నడుంలో దిగింది. గిన్నె మూత తీసి విసిరింది, అది నా చెవి పక్కనుంచి పోయి సింకు పైన కిటికీకి తగిలి అద్దం పగిలింది. "ఐ హేట్ యూ, ఐ హేట్ యూ" అంటూ నా చేతులూ భుజాలూ కొడుతోంది, ఆ కాలిన చేత్తోనే. నేను దాన్ని పట్టుకోబోయాను. నా చెయ్యి లేవగానే అది ముడుచుకుపోయింది. ఇంకో దెబ్బకి అన్నట్టు.

మా ఆయన మెట్లు దిగి వచ్చాడు. గాజుపెంకులు, పొంగుతున్న గిన్నె, పిల్ల చెయ్యి, నేల మీద గరిటె. ఒక్కొక్కటీ చూశాడు. పిల్లని సింకు దగ్గరికి తీసుకెళ్ళి చల్లటి కుళాయి కింద చెయ్యి పట్టుకున్నాడు, చాలాసేపు, ఎంతో మెత్తగా. ఆ మెత్తదనంలోనే చెప్పాడు:

"గిన్నె దించుతుంటే జారింది. వేడినీళ్ళు పడ్డాయి. సరేనా నాన్నా? అంతే జరిగింది."

"డాక్టర్‌కి చూపిద్దాం" అన్నాను.

"చూపిస్తే అడుగుతారు. మన గ్రీన్ కార్డ్ ఫైల్ ఏ స్టేజ్‌లో ఉందో తెలుసా నీకు? నిన్ను అరెస్ట్ చేస్తే? మనందర్నీ పంపేస్తే?"

కూరలో ఉప్పు గురించి గంట వాదించేదాన్ని. ఆ రోజు వాదించలేదు. కలబంద జెల్ రాసి, గాజుగుడ్డ చుట్టాం.

మంగళవారం స్కూలు నర్సు పొడుగుచేతుల చొక్కా కింద ఆ గుడ్డ చూసింది. బుధవారం సాయంత్రం నాలుగింటికి కౌంటీ నుంచి ఒకమ్మాయి వచ్చింది, పిల్లల రక్షణ చూసే ఆఫీసు నుంచి. ముప్ఫై కూడా ఉండవు. పాత స్నీకర్లు, చేతిలో టాబ్లెట్. ఆమె వెనక పోలీసు డిప్యూటీ ఒకాయన, లోపలికి రాకుండా వరండాలో నిలబడ్డాడు. వాళ్ళు రాగానే నేను మొదలుపెట్టాను: మీ దగ్గర ఏం కాగితం ఉంది, ఏ చట్టం, ఎవరు చెప్పారు. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది, గొంతు పెంచకుండా. తర్వాత వంటిల్లు చూపించమంది.

"గిన్నె ఎక్కడుంది? ఆమె ఎక్కడ నిలబడింది?"

మా ఆయన చూపించాడు. ఎంత చక్కగా చూపించాడంటే, గిన్నె పట్టుకుని జారినట్టు కూడా చేశాడు. ఆ అమ్మాయి చూసి, పిల్లని కిందికి పిలవమంది.

మా అమ్మాయి మెట్లు దిగి వచ్చి నిలబడింది. అడగకముందే చెప్పింది. "ఐ వాజ్ హెల్పింగ్ మై మామ్ డ్రెయిన్ ద గ్రీన్స్ అండ్ ద పాట్ స్లిప్ప్‌డ్. ఇట్ వాజ్ మై ఫాల్ట్." ముందురోజు స్కూల్లో నర్సుకి చెప్పిన వాక్యమే, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. చెప్పి నావైపు చూసింది. స్పెల్లింగ్ పోటీలో ఆఖరి అక్షరం చెప్పాక చూసేది అలా, సరిగ్గా చెప్పానా మమ్మీ అని.

తెనాలిలో మా తరగతి టీచరు నా పిక్క చూసి అడిగితే, "కుంపటి మీద పడ్డానండి, నాదే తప్పండి" అన్నాను. మా అమ్మ నేర్పలేదు. నేనే అల్లుకున్నాను. ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఆ రోజు నాకు రెండు అప్పడాలు ఎక్కువ వేసింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు నేను ప్రపంచంలో ప్రతి మనిషితో వాదించాను, ఆ ఒక్క మనిషితో తప్ప.

"అది అబద్ధం" అన్నాను. "నీళ్ళు పడలేదు. నేను గరిటె కాల్చి పెట్టాను."

మా ఆయన తెలుగులో, "నీకు మతిపోయిందా?" అన్నాడు.

పిల్ల అరిచింది. కాలినప్పుడు కూడా అంతలా అరవలేదు. "మమ్మీ, స్టాప్! వై వుడ్ యూ సే దట్? నేను నీకోసం చెప్పా! ఐ లైడ్ ఫర్ యూ!" పళ్ళెం అందుకుని గోడకేసి కొట్టింది. వరండాలో డిప్యూటీ లోపలికి ఒక అడుగు వేశాడు. కౌంటీ అమ్మాయి చెయ్యెత్తి ఆయన్ని ఆపింది.

గరిటె చూపించమంది. చూపించాను. దాని అంచు పిల్ల చేతి మీద మచ్చ పక్కన పెట్టి ఫోటో తీసుకుంది. అరెస్టు ఆ రోజు జరగలేదు. కేసు పెట్టాలా వద్దా అన్నది పైవాళ్ళు తేలుస్తారంది. కానీ పిల్ల ఆ రాత్రి ఈ ఇంట్లో ఉండకూడదు. చుట్టాలెవరైనా దగ్గర్లో ఉన్నారా? లేరు. "నీకు నమ్మకమున్న పెద్దవాళ్ళు ఎవరైనా?" అని పిల్లని అడిగింది.

"నెక్స్ట్ డోర్" అంది మా అమ్మాయి, ఏ మాత్రం ఆలోచించకుండా.

పక్కింటావిడ ఏప్రన్‌తోనే వచ్చింది. పిల్ల చెయ్యి చూసింది. నన్ను చూడలేదు. కాగితాల మీద సంతకాలు పెట్టి, పిల్ల బ్యాగు భుజాన వేసుకుని, మా పచ్చిక మీంచి తీసుకెళ్ళిపోయింది. నలభై అడుగులు. ఆ నలభై అడుగులు దాటడానికి నాకు అనుమతి లేదు, శనివారాలు తప్ప, అదీ ఆఫీసు మనిషి పక్కన కూర్చుంటేనే.

మర్నాడు పొద్దున, పిల్ల స్కూలుకి వెళ్ళాక, బట్టల సంచి ఇవ్వడానికి వెళ్ళాను. ఆవిడ దోమల జాలీ తలుపు తియ్యలేదు.

"ఏడవడానికొచ్చావా, వాదించడానికొచ్చావా?"

"బట్టలివ్వడానికి."

"అక్కడ పెట్టు."

పెట్టాను. కదల్లేదు. ఆవిడా కదల్లేదు.

"మా ఇంట్లో పెరట్లో ఒక పొద ఉండేది" అంది, జాలీ తలుపు వెనకనుంచి. "మా అమ్మ కొట్టాలనుకుంటే నన్నే పంపేది, బెత్తం విరుచుకు రమ్మని. సన్నది తెస్తే ఇంకోటి తెమ్మనేది. నేనూ నా కొడుకుని పంపాను. అదే పద్ధతని అనుకున్నాను. దెబ్బలు తిని మేం బతికాం గదా, వాడూ బతుకుతాడు అనుకున్నాను. వాడు బతికాడు, హనీ. యాభై రెండేళ్ళు. మూడు గంటల దూరంలో ఉంటాడు. క్రిస్మస్‌కి కార్డు వస్తుంది. కార్డు మీద వాడి భార్య చేతిరాత."

"నేను నిజం చెప్పాను" అన్నాను. నాకు అప్పుడు అది చాలా పెద్ద విషయంగా ఉంది.

"కౌంటీకి చెప్పావు. పిల్ల నీ కోసం అబద్ధం మోస్తే, దాన్ని అందరి ముందూ అబద్ధాలకోరుని చేశావు. ముందు దానికి చెప్పాల్సింది." తలుపు వేసుకుంది.

నేను ఇంటికొచ్చి ఆ మాటకి పద్దెనిమిది జవాబులు తయారుచేసుకున్నాను. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఒక్కటీ పనికిరాలేదు.

పిల్లల పెంపకం క్లాసుకి పంపారు, గురువారాలు, చర్చి వెనక ఒక హాల్లో. కోపమొస్తే పది లెక్కపెట్టమని చెప్పారు. పదిలోపల నేను ఇద్దరి పరువు తియ్యగలను, ఈ లెక్క నాకు చాలదు అన్నాను. ఒకాయన నవ్వాడు, సిగరెట్‌తో కొడుకుని కాల్చినవాడు. అతన్ని చూసి మొదటివారం ఛీ అనుకున్నాను. రెండోవారం, అతనికీ నాకూ తేడా ఏమిటో చెప్పమని నన్ను నేనే నిలదీసుకున్నాను. అతను సిగరెట్, నేను వంటపాత్ర. మన ఆడవాళ్ళకి ఈ సంగతి రుచించదు. "మా అమ్మ వాతలు పెట్టింది, అందుకే ఇంతవాళ్ళమయ్యాం" అని ఫోన్లో ఒక స్నేహితురాలు అంది. ఎంతవాళ్ళమయ్యామో చూస్తున్నాంగా అని ఫోన్ పెట్టేశాను.

శనివారాలు ఆవిడ వంటింట్లో గడిచాయి. మొదటి మూడు వారాలు పిల్ల నాతో మాట్లాడలేదు. నా ఎదురుగా కూర్చుని ఆకు చీల్చేది, చాలా గట్టిగా, ఈనెలు పటపటమని విరిగేలా. ఆవిడ ఒక కట్ట నా ముందూ పడేసేది. ఆఫీసు మనిషి మూలన కూర్చుని రాసుకునేది. నాలుగో వారం పిల్ల నోరు విప్పింది.

"యూ మేడ్ మీ అ లయర్."

నా నాలిక మీద జవాబు సిద్ధంగా ఉంది: అబద్ధం నేర్పింది నాన్న, నేను కాదు. నిజమే కూడా. మింగాను.

"అవును" అన్నాను. "ముందు నీకు చెప్పాల్సింది. చెప్పలేదు."

"అండ్ యూ బర్న్డ్ మీ."

"అవును."

"అదొక్కటేనా? నువ్వు ఆర్గ్యూ చెయ్యవా?" ఏడుస్తోంది, కోపంతో. "సే సంథింగ్! నేను బ్యాడ్‌గా మాట్లాడా అను! నేను సైన్ ఫోర్జ్ చేశా అను!"

"చేశావు. దానికీ దీనికీ సంబంధం లేదు."

అప్పుడు చీల్చుతున్న కట్ట మొత్తం తీసి నా ముఖాన కొట్టింది. తడి ఆకులు, మట్టి, చల్లటి నీళ్ళు. ఆఫీసు మనిషి లేవబోయింది. పక్కింటావిడ, "కూర్చో, అవి ఆకులే" అంది. నేను కళ్ళలోంచి ఇసక తుడుచుకున్నాను. నా చెయ్యి లేచింది, తుడుచుకోడానికే. పిల్ల ముడుచుకుంది, భుజాలు చెవుల దాకా. అందరూ చూశారు. నా చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆకులు ముఖాన అలాగే ఉన్నాయి. పక్కింటావిడ గిన్నెలోంచి నీళ్ళు మూడు కప్పుల్లో పోసి ముగ్గురి ముందూ పెట్టింది. తాగాం.

అప్పటినుంచి కొంచెం కొంచెం మాట్లాడేది. మామూలు మ్యాథ్ క్లాసు గురించి, బస్సులో ఎవరో ఏదో అన్నదాని గురించి. మా అమ్మ సంగతి నేను చెప్పాను, జాలి పుట్టించడానికి కాదు, అడిగింది గనక. పిక్క చూపించమంది. చూపించాను. "ఇట్స్ సో స్మాల్" అంది. నిజమే, నలభై ఏళ్ళలో చిన్నదైపోయింది.

కేసు నేరం దాకా వెళ్ళలేదు. ఫైలు గురించి మా ఆయన భయపడ్డదీ జరగలేదు. లాయరు ఏదో ఫారంలో రాయమన్నాడు, రాశాం. మా ఆయన పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు, పన్నెండో రోజు క్లాసుకి తనూ వస్తానన్నాడు. హాల్లో వెనక వరసలో కూర్చుని, తనవంతు వచ్చినప్పుడు, "నేను అబద్ధం నేర్పాను" అని మాత్రం చెప్పి కూర్చున్నాడు.

జనవరి ఆఖరు శనివారం కౌంటీ అమ్మాయే స్వయంగా వచ్చింది. కాగితాలు అయిపోయాయి, ఇవాళే ఇంటికి వెళ్ళొచ్చు అంది. పిల్ల గది నేను మూడురోజులనుంచి సర్దుతున్నాను, కొత్త దుప్పటి, ఉతికిన కర్టెన్లు. లేచి నిలబడ్డాను కూడా.

పిల్ల కప్పు చుట్టూ వేలు తిప్పుతోంది. "ఈరోజు కాదు" అంది.

"ఎప్పుడు?"

"ఐ డోంట్ నో. నాకు తెలిసినప్పుడు."

నేను పక్కింటావిడ ముఖం చూడలేదు. చూస్తే ఆవిడ కొడుకు కనపడతాడు. వాదించడానికి నా దగ్గర ఎన్ని ఉన్నాయి: చట్టం ఉంది, తల్లినన్న హక్కుంది, కాగితం మీద సంతకం ఉంది, కావాలంటే కన్నీళ్ళు కూడా ఉన్నాయి. ఒక్కదాన్ని తీసినా పిల్ల వచ్చి ఉండేది. వచ్చి, ఉండేది కాదు.

"సరే" అన్నాను. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

పది రోజులు. ఒక మంగళవారం సాయంత్రం, వెనకతలుపు తీసుకుని, బ్యాగుతో, ఏమీ చెప్పకుండా వచ్చింది. నేను అన్నం వారుస్తున్నాను. వెనక్కి తిరగలేదు, దగ్గరికి వెళ్ళలేదు, చేతులు గిన్నె మీదే ఉంచాను, కనపడేలా.

"తినడానికి ఏముంది?" అంది.

"పప్పు. అప్పడాలు."

"ఓకే."

మా ఆయన తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఎప్పటినుంచో అది ఆయన కుర్చీ. పిల్ల వచ్చి దాని పక్కన నిలబడింది. ఆయన ఒక్క క్షణం చూసి, పళ్ళెం పట్టుకుని గోడవైపుకి జరిగాడు. పిల్ల అక్కడ కూర్చుంది, తలుపుకి దగ్గరగా, కాళ్ళకి బూట్లతోనే. నేను వడ్డించాను. రెండేళ్ళైంది. బూట్లు ఇప్పుడు విప్పుతుంది. కుర్చీ మాత్రం అదే.